తుంగభద్రలో చందువ చేప

2024 డిసెంబరు మొదటి వారం. రాజోలికి కొంచెం ఎగువన తుంగభద్ర ఒడ్డు. ఎండ ఇంకా పూర్తిగా ఎక్కలేదు. నేను ఒక పెద్ద బండ మీద మోకాళ్లూని, తల బాగా కిందికి వంచి, ఏదో జంతువు వేసిపోయిన పెంటను వాసన చూస్తున్నాను. నాకు దారి చూపించడానికి వచ్చిన రాములన్న చాలాసేపు ఓపిక పట్టాడు. ఆయన ఆ ఊళ్లో చేపలు పట్టే మనిషి. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"నువ్వు ఏం సదివినవమ్మా?"

"ఎమ్మెస్సీ, అన్నా."

"ఎమ్మెస్సీల గిదేనా నేర్పేది?"

ఇదే నేర్పరు కానీ, నా ఉద్యోగం మాత్రం ఇదే. అసలు సంగతిలోకి వెళ్లే ముందు ఒక కబురు చెప్పకుండా ఉండలేను. ఈ కథ రాయడానికి వారం ముందే నాకు పీహెచ్‌డీ సీటు వచ్చింది! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మా నాయన తాపీ పని చేస్తాడు, మా అమ్మ మరియమ్మ కొత్తకోటలో హైవే పక్కన చేపలు అమ్ముతుంది. మాది వడ్డేపల్లి వైపు. నా చిన్నప్పుడు ఇద్దరూ పనుల కోసం ఊళ్లు పట్టుకుని తిరిగారు. సీటు కోసం ఇంటర్వ్యూకు వెళితే, "మీరు చేసిన పనుల్లో బాగా చెడిపోయినది ఏదో చెప్పండి" అని అడిగారు. నేను ఈ రాజోలి కథే చెప్పాను. నవ్వినవాళ్లు నవ్వారు, రాసుకున్నవాళ్లు రాసుకున్నారు. అందుకే మీకూ చెబుతున్నాను.

మా ల్యాబ్ విశాఖలో సముద్రం ఒడ్డున ఉంది. సముద్ర జంతువుల మీద పని. డాల్ఫిన్‌ను పట్టుకుని సూది గుచ్చి రక్తం తీస్తే అది బెదిరిపోతుంది, ఒక్కోసారి చచ్చిపోతుంది కూడా. అందుకని దాన్ని ముట్టుకోకుండానే దాని డీఎన్ఏ సంపాదిస్తాం. నీళ్ల మీద తేలే దాని పెంట, అది వదిలిన చర్మపు పొర, అది ఈదిపోయిన చోట నీళ్లు, ఇవే మాకు ఆధారం. దీన్ని నాన్-ఇన్వేసివ్ శాంప్లింగ్ అంటారు. జంతువుకు నొప్పి లేకుండా నమూనా తీసుకోవడం అన్నమాట. మొదటిసారి పడవ ఎక్కినప్పుడు డాల్ఫిన్ పెంట కోసం నేను వల గరిట పట్టుకుని గంటలకొద్దీ నిలబడ్డాను. దొరికింది మాత్రం నా వాంతి.

అదే పద్ధతిని నదుల్లో ఉండే నీటికుక్కల మీద పెట్టాలని మా వసుంధర మేడం ఒక చిన్న ప్రాజెక్టు తెచ్చారు. నీటికుక్క అంటే కుక్క కాదు. పొడుగాటి ఒళ్లు, చదునైన తోక, చేపలు తిని బతికే జంతువు. కృష్ణ, తుంగభద్ర అనగానే మేడం నా వైపు చూశారు. "మీ వైపే కదా రూతూ, నువ్వే వెళ్లు" అన్నారు. అటవీ శాఖ అనుమతి కాగితం సంచిలో పెట్టుకుని ఎగిరి గంతేసి బయల్దేరాను.

రాజోలికి వచ్చాక తెలిసింది, అక్కడ నా కోసం ఒక తగాదా కాచుకుని ఉందని.

నదిలో ఒక మడుగు ఉంది. చేపలు బాగా పడతాయి. ఆ మడుగులో వల వేయడానికి మత్స్యకారుల సంఘం వంతులు పెట్టింది. ఈరన్న వంతు అయిన మర్నాడు రాములన్న వంతు. ఆ సంవత్సరం ఈరన్న వలలు మాటిమాటికీ చిరిగిపోతున్నాయి. తన వంతుకు ఎక్కువ చేపలు మిగలాలని రాములే కత్తితో కోస్తున్నాడని ఈరన్న సంఘంలో ఫిర్యాదు పెట్టాడు. కోసింది నేను కాదు, నీటికుక్కలు అని రాములన్న వాదన. నీటికుక్కను ఆ ఊళ్లో ఈ మధ్య కళ్లారా చూసినవాళ్లు ఎవరూ లేరు. సంఘం పెద్ద నర్సప్ప శివరాత్రి దాకా గడువు ఇచ్చాడు. ఈలోగా నీటికుక్కలు ఉన్నట్టు తేలకపోతే రాములన్న వంతు తీసేస్తారు.

"వంతు పోతే ఏం చేస్తవన్నా?" అని బండ మీదే అడిగాను.

"ఏముంది బిడ్డా, మల్లా పట్నం పోవుడే. ఇటుకలు మోసుడే. అదైనా పర్వాలేదు గాని, వలగోసిన దొంగ అని పేరువెట్టుకోని పోవాలె గదా. గదే సతాయిస్తుంది."

పెంటలో చేప పొలుసులు మెరుస్తున్నాయి. వాసన కూడా నీటికుక్కదే అనిపించింది. కానీ అనిపిస్తే చాలదు. ఆ పెంటలోంచి కొంచెం కొంచెం పుల్లతో తీసి చిన్న ట్యూబుల్లో వేశాను. ఈరన్న చిరిగిన వల ముడుల్లో రెండు మూడు వెంట్రుకలు ఇరుక్కుని ఉంటే అవీ తీశాను. పెంటలో రెండు రకాల డీఎన్ఏ ఉంటుంది. తిన్న జంతువుది, అది తిన్న చేపలది. అంటే ఎవరు తిన్నారో, ఏం తిన్నారో రెండూ తెలుస్తాయి. ఇవన్నీ ఐసులో పెట్టి విశాఖ పంపాను. రాములన్నకు ధైర్యం చెప్పి, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు మిగతా చోట్లు తిరగడానికి వెళ్లాను. మనసులో నేనే గెలిచినంత సంబరం.

నెల తిరక్కుండానే మేడం ఫోన్ చేశారు.

"రూతూ, మీ నీటికుక్క ఈ మధ్య వైజాగ్ ఏమైనా వచ్చి వెళ్లిందా?"

"ఏమైంది మేడం?"

"అది తిన్న చేపల జాబితా చదువుతాను, విను. బొచ్చె, జెల్ల, బాగానే ఉన్నాయి. తర్వాత చందువ. వంజరం. కానగంత. తుంగభద్రలో ఇవెప్పటి నుంచి ఈదుతున్నాయి?"

ఆ మూడూ సముద్రపు చేపలు. రాజోలికి సముద్రం ఎక్కడ! మేడం ఇంకో మాట చెప్పారు, అది మరీ ఘోరం. మేం ప్రతిసారీ ఒక ఖాళీ ట్యూబును కూడా నది ఒడ్డుకు తీసుకువెళ్లి, మూత తీసి, ఉత్త పుల్లను అందులో తిప్పి, మూత పెట్టి తెస్తాం. దాన్ని ఫీల్డ్ బ్లాంక్ అంటారు. అందులో ఏమీ ఉండకూడదు. నా బ్లాంక్‌లో కూడా చందువ ఉంది.

"నీటికుక్క డీఎన్ఏ కూడా దొరికింది," అన్నారు మేడం. "కానీ చందువ ఎలా వచ్చిందో తెలియనప్పుడు నీటికుక్క ఎలా వచ్చిందో మాత్రం ఎలా నమ్మను? బ్యాచ్ మొత్తం పక్కన పెట్టేస్తున్నాను. మన ల్యాబ్ అంతా పరీక్ష చేయించాను, ఇక్కడ శుభ్రంగా ఉంది. తప్పు ఎక్కడ జరిగిందో తేలకుండా నిన్ను మళ్లీ పంపలేను."

ఆ రోజు నేను అన్నం తినలేదు. ఏ తప్పూ గుర్తుకు రావడం లేదు. గ్లౌజులు వేసుకున్నాను. ప్రతి నమూనాకు కొత్త పుల్ల వాడాను. రాములన్న ముఖమే కళ్ల ముందు తిరుగుతోంది. సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. చెప్పకూడదనుకుంటూనే చేశాను.

"ఏందే, గొంతు గట్లుంది? జెరమొచ్చిందా?"

"జెరం గాదమ్మా. నీటికుక్క పెంటల సముద్రం చేపలొచ్చినయి. అంతా ఖరాబైంది."

"ఏమేం చేపలు?"

అది కాదమ్మా అసలు సంగతి అందామనుకుని, ఎందుకో చెప్పేశాను. "చందువ, వంజరం, కానగంత."

వెనక లారీ హారన్ వినిపించింది.

"ఓ రూతూ, అవి ఆ వారం నా డబ్బల ఉన్నయే గదనే?"

అప్పుడు వెలిగింది నాకు. నేను విశాఖ నుంచి వస్తుంటే బస్సులో ఎవరో పెద్దమనిషి ల్యాబ్ ఐస్‌బాక్సును స్టూలు అనుకుని కూర్చున్నాడు. దాని మూత రెండు ముక్కలైంది. కొత్తకోటలో దిగి బాధపడుతుంటే అమ్మ తన చేపల థర్మకోల్ డబ్బా ఇచ్చింది. బిడ్డ గవర్నమెంటు పని మీద పోతోందని దాన్ని తోమి తోమి తళతళలాడించింది. నేను ట్యూబులు, గ్లౌజులు, విడి పుల్లల కట్ట అన్నీ అందులోనే సర్దుకున్నాను. హైవే మీది ధాబాల వాళ్లు సముద్రం చేపలు అడుగుతారు కాబట్టి అమ్మ వాటిని కూడా తెప్పిస్తుంది.

"కానీ నువ్వు మూడుమార్లు కడిగినవ్ గదమ్మా!"

"కడిగిన. సబ్బువెట్టిన, ఉడుకునీళ్లు వోసిన, ఎండల ఆరవెట్టిన. పోయేది వాసన బిడ్డా, నీసు యాడికి పోతది? థర్మకోల్ సందులల్ల ఉండనే ఉంటది. ఇన్నేండ్ల సంది అమ్ముతున్న, నా చేతులకే పోలేదు." అంతవరకు నవ్వుతూ మాట్లాడిన మనిషి ఒక్కసారి గొంతు తగ్గించింది. "నా డబ్బతోని నీ నౌకరి పోతదా?"

"పోదమ్మా. నువ్వే కాపాడినవ్. ఇంతమంది సదువుకున్నోళ్లకు అంతువట్టలే."

డీఎన్ఏను సబ్బు కడగలేదు. బ్లీచింగ్ ద్రావణం కావాలి. అది నేను పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. మా అమ్మ ఇచ్చిన డబ్బా దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది నా తలలోకి రాలేదు. అమ్మ కడిగింది కాబట్టి శుభ్రమే అనుకున్నాను. ఇంట్లో అన్నం గిన్నెకు లేని అనుమానం డబ్బాకు ఎందుకొస్తుంది?

ఊహించడం వేరు, రుజువు చేయడం వేరు. అమ్మ డబ్బా మూల ముక్క ఒకటి విరిచి కొరియర్లో విశాఖకు పంపింది. "మంచి డబ్బ ఇరగ్గొట్టిపిచ్చిన్రు మీ మేడం" అని రెండు రోజులు గొణిగింది. పరీక్ష చేస్తే ఆ ముక్కలో అవే మూడు చేపలు. మేడం గట్టిగా నవ్వి, "మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు. కొత్త పెట్టె పంపిస్తున్నాను, మళ్లీ వెళ్లు" అన్నారు.

జనవరి నెలాఖరులో మళ్లీ రాజోలి. ఈసారి అన్నింటికంటే కష్టమైన పని నమూనాలు తీయడం కాదు. సంఘం ముందు నిలబడి, మొదటి ఫలితం చెల్లదని చెప్పడం. చెప్పకుండా గుట్టుగా మళ్లీ తీసుకుని వెళ్లొచ్చు. ఎవరికీ తెలియదు. కానీ రాములన్న నెలనుంచి నా ఫోన్ కోసం ఎదురుచూస్తున్నాడు. డబ్బా సంగతితో సహా అంతా చెప్పేశాను.

రాములన్న తలదించుకున్నాడు. ఈరన్న మాత్రం లేచి నిలబడ్డాడు. బక్కగా, పొడుగ్గా ఉంటాడు, నోరు మాత్రం పెద్దది.

"సముద్రం చేప మన ఏట్లెకెట్లొచ్చె మేడం? రైలెక్కి గద్వాల టేషన్ల దిగిందా?"

అందరూ పకపకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

"తప్పు నాదే ఈరన్నా. అందుకే మల్లా వచ్చిన."

"మల్లొచ్చి మల్లొక కత చెప్తవ్. ఆ డబ్బల చందువ ఎక్కినట్టు ఈ డబ్బల నీటికుక్క ఎక్కదని ఏం నమ్మకం? నువ్వు రాములు ఎంబడి తిరుగుతున్నవ్. రాములు సూపిచ్చిన కాడనే ఏరుతున్నవ్. నేనెందుకు నమ్మాలె?"

ఆలోచిస్తే ఆయన అడిగింది ముమ్మాటికీ సరైన ప్రశ్న. మా మేడం అడిగిన ప్రశ్నా అదే. ఆమె ఇంగ్లీషులో అడిగారు, అంతే తేడా.

"అయితే నువ్వే తియ్యి," అన్నాను.

"ఏంది?"

"నమూనాలు నువ్వే తియ్యి. ట్యూబులు నేనిస్త. వాటి మీద నంబర్లుంటయి. ఏ నంబర్ల ఏం వెట్టినవో ఒక కాయితం మీద రాసి నర్సప్ప తాతకియ్యి. నాకు చెప్పకు. మా ల్యాబోళ్లకు నంబర్లే పోతయి. అక్కడ ఏం తేలిందో నేను ఈడికొచ్చి సదువుత. నువ్వు కాయితం ఇప్పి సూసుకో."

దీన్ని మా పనిలో బ్లైండ్ టెస్ట్ అంటారు. పరీక్షించేవాళ్లకు లోపల ఏముందో తెలియకుండా పరీక్షించడం. ఈరన్న కళ్లు మెరిశాయి. నన్ను పట్టుకోవడానికి ఇంతకంటే మంచి దారి దొరకదని అర్థమైనట్టుంది.

మర్నాడు పొద్దున ఈరన్న వల పైకి లాగితే రెండు చోట్ల పెద్ద బొక్కలు. ఆ రాత్రంతా రాములన్న నర్సప్ప ఇంట్లోనే పడుకున్నాడు, నర్సప్పే పట్టుబట్టి పడుకోబెట్టుకున్నాడు. అయినా ఈరన్న ఒప్పుకోలేదు. "కొడుకును తోలిండేమో" అన్నాడు. రాములన్నకు ఇద్దరూ ఆడపిల్లలే. అది గుర్తుచేస్తే, "అల్లుడుంటడు గదా" అన్నాడు. పెద్దపిల్ల ఏడో తరగతి.

ఈరన్నకు గ్లౌజులు ఎలా తొడుక్కోవాలో చూపించాను. ఆయన వేళ్లకు అవి పట్టలేదు. మూడు జతలు చింపాడు. "ఆడోళ్ల గాజులకన్న ఇరుకుంది గిది" అని విసుక్కున్నాడు. ఒక్కో నమూనాకు ఒక్కో కొత్త పుల్ల, ముట్టుకున్న చెయ్యి ముఖానికి పోకూడదు, మాట్లాడుతూ తీయకూడదు. చివరిది ఆయనకు చాలా కష్టమైంది.

"నువ్వు పదడుగులు ఎనకకు పో. అటు తిరుగు," అని ఆజ్ఞ వేశాడు. అటు తిరిగి నిలబడ్డాను. ఐదు ట్యూబులు ఆయన నింపాడు. ఆరోది బ్లాంక్, అది నేను అందరి ముందూ మూత తీసి, ఉత్త పుల్ల తిప్పి మూసేశాను. ఆయన చాటుగా కాగితం రాసి, మడిచి, బియ్యప్పిండి జిగురు పెట్టి అంటించి నర్సప్పకు ఇచ్చాడు. కొత్త పెట్టెను అమ్మ దుకాణం ఉన్న సందులోకి కూడా రానివ్వలేదు నేను. అమ్మే బస్టాండుకు వచ్చి, దూరంగా నిలబడి చెయ్యి ఊపింది.

శివరాత్రికి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం, సంఘం గదిలో అందరూ కూర్చున్నారు. ఫలితాల కాగితం నా చేతిలో ఉంది. లోపల ఏ నంబరు ఏమిటో నాకు నిజంగా తెలియదు. ఈరన్న నమూనాలు సరిగ్గా తీసి ఉండకపోతే ఏమీ తేలకపోవచ్చు. అప్పుడు రాములన్న బస్సెక్కాల్సిందే. ఆయన తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట నిలబడ్డాడు.

"ఒకటో నంబర్, నీటికుక్క," అని చదివాను.

ఈరన్న నర్సప్ప ఇచ్చిన కాగితం విప్పి చూశాడు.

"రెండు, నీటికుక్కనే, కాని ఇది ఇంకోటి. ఒకటోదాంట్ల ఉన్నది ఆడది, ఇది మగది. మూడు, ఏం లేదు. నాలుగు..." అక్కడ ఆగిపోయాను. మళ్లీ ఏదో తప్పు జరిగిందనుకున్నాను. అయినా ఉన్నది ఉన్నట్టు చదవాలి కదా. "నాలుగు... బర్రె."

నర్సప్ప చెయ్యి చాపి ఈరన్న దగ్గర్నుంచి కాగితం లాక్కుని గట్టిగా చదివాడు.

"ఒకటి, బొక్క కాడి ఎంటికలు. రెండు, బండ మీది పెంట. మూడు, సక్కగున్న వల. నాలుగు," కళ్లద్దాలు సర్దుకున్నాడు. "నాలుగు, మా బర్రె పెంట."

గది పైకప్పు లేచిపోయేంత నవ్వు! ఒకాయన నవ్వలేక బయటికి పరుగెత్తాడు. నన్ను బోల్తా కొట్టించాలని ఈరన్న సొంత గేదె పెంట తెచ్చి ట్యూబులో పెట్టాడు. ఐదోది రెండో బొక్క దగ్గరి వెంట్రుక, అదీ నీటికుక్కే, ఒకటోదాంట్లో ఉన్న ఆడదే. ఆరు ఖాళీ. చందువ లేదు, వంజరం లేదు, కానగంత లేదు.

నర్సప్ప అడిగాడు. "ఏమంటవ్‌రా ఈరిగా?"

"బర్రెను గూడ పట్టినంక ఇంగ నేనేమంట?"

ఈరన్న లేచి తలుపు దగ్గరికి వెళ్లి, రాములన్న ముఖం చూడకుండా బయటికి చూస్తూ అన్నాడు.

"రేపు నీ వంతు గదా. ఆ పెద్దబండ కాడ ఎయ్యకు. చింపుతయి."

రాములన్న చెప్పులు తొడుక్కున్నాడు. "నీ దాని లెక్క చివికిన వల గాదు తియ్ నాది" అన్నాడు. ఇద్దరూ కలిసే మెట్లు దిగారు. ఆ సాయంత్రమే సంఘం ఇంకో మాట అనుకుంది. పెద్దబండ పక్కన ఇక ఎవరూ వల వేయకూడదు, ఆ చోటు ఆ రెండింటికీ వదిలేయాలి అని. ఆ మాట తెచ్చింది ఈరన్నే. ఊళ్లో నీటికుక్కలు ఉన్నాయని కనిపెట్టింది తానేనని ఇప్పుడు అందరికీ చెప్పుకుంటున్నాడట. అందులో అబద్ధమేమీ లేదు. నమూనాలు తీసింది ఆయనే కదా.

డీఎన్ఏ గురించి నేను చదువుకున్నది చాలా ఉంది. ఈ కేసు నేర్పింది మాత్రం మనుషుల గురించి. తప్పు జరిగినప్పుడు దాన్ని అందరి ముందూ చెబితే పరువు పోతుందని భయపడ్డాను. చెప్పినందువల్లే ఈరన్న ఆ ప్రశ్న అడిగాడు, ఆ ప్రశ్న అడిగినందువల్లే చివరికి ఒప్పుకున్నాడు. నాకు మొదటినుంచీ తోడుగా తిరిగిన రాములన్న ట్యూబులు నింపి ఉంటే, ఎంత నిజం తేలినా ఆ ఊరు నమ్మేది కాదు. ఇప్పుడు నేను ఏ నది దగ్గరికి వెళ్లినా, ఏ రేవులో దిగినా, నా మాట ఇక్కడ అస్సలు నమ్మనిది ఎవరని ముందుగా కనుక్కుంటాను. మొదటి జత గ్లౌజులు ఆ మనిషి చేతికే ఇస్తాను.